చలికాలం క్రాస్, ఎండాకాలం రోడ్డు: అమ్మాయి రెండూ తొక్కొచ్చా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తాను. మీరు నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ దగ్గర ఉంటున్నారు. అమ్మాయికి 14 ఏళ్ళు, మూడేళ్ళుగా క్లబ్బులో సైక్లోక్రాస్, అంటే చలికాలంలో బురదలో జరిగే సైకిల్ రేసులు, తొక్కుతోంది. గదిలో ఈ దేశపు సైక్లింగ్ ఛాంపియన్ మారియానె వోస్ పోస్టర్ అంటించుకుంది, తనలాగే అవుతానంటోంది. వచ్చే ఏడాది నుంచి ఎండాకాలంలో రోడ్ రేసులు కూడా మొదలుపెట్టమని కోచ్ అన్నాడు. "రెండూ చేస్తే ఒళ్ళు పాడవదా? ఇందులో అసలు బతుకుతెరువు ఉందా? చదువు మాటేమిటి?" అని అడిగారు. చివర్లో, రెండో సైకిల్ ఇప్పుడే కొనాలా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. రెండూ తొక్కనివ్వండి. ఈ వయసులో ఏదో ఒకటి తేల్చుకోమని అడగకండి. ఈ దేశంలో పైకి వచ్చిన ఆడపిల్లల్లో చాలామంది రెండూ తొక్కుతూ పెరిగినవాళ్ళే. ఒళ్ళు పాడయ్యేది రెండు రకాల రేసుల వల్ల కాదు, రెండింటి మధ్య ఖాళీ లేకపోవడం వల్ల. క్రాస్ సెప్టెంబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. రోడ్డు ఫిబ్రవరి చివర్లోనే మొదలై అక్టోబర్ దాకా సాగుతుంది. ఈ క్యాలెండర్‌లో విశ్రాంతి అనేది ఎవరూ రాసి ఇవ్వరు, మనమే రాసుకోవాలి. ఇక బతుకుతెరువు ఉంది, కానీ కొద్దిమందికే, అదీ ఎక్కువగా రోడ్డు వైపు.

నా సంగతి కొంచెం. మాది తెనాలి. 2005లో ఇక్కడికి వచ్చాం. మా పెద్దమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు క్లబ్బులో చేరి 19 ఏళ్ళకి రేసులు ఆపేసింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. పన్నెండేళ్ళకు పైగా పిల్లలకి శిక్షణ ఇస్తున్నాను, చలికాలం ఆదివారాలు పిట్‌లోనే, అంటే రేసు మధ్యలో సైకిల్ మార్చుకునే చోటే, గడిచిపోతాయి. కాబట్టి ఇది ఒక కోచ్ చెప్పే మాట, ఒక తల్లి చెప్పే మాట కూడా.

మన ఊళ్ళ నుంచి చదివేవాళ్ళకి సైక్లోక్రాస్ అంటే తెలియకపోవచ్చు. బురద, ఇసుక, గడ్డి వాలు, మెట్లు, చెక్క అడ్డంకులు ఉండే మూడు కిలోమీటర్ల చుట్టు అనుకోండి. పెద్ద ఆడవాళ్ళ రేసు సుమారు 50 నిమిషాలు. సైకిల్ చూడ్డానికి రోడ్డు సైకిల్‌లాగే ఉంటుంది, టైరు మాత్రం వెడల్పు, అదీ 33 మిల్లీమీటర్లు మించకూడదు. తొక్కలేని చోట దిగి, సైకిల్ భుజానికెత్తుకుని పరిగెత్తాలి. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా గుండె గొంతులోనే ఉంటుంది.

పిట్ దగ్గర ఏం జరుగుతుందో చూపిస్తాను. డిసెంబర్ ఆదివారం, జూనియర్ అమ్మాయిల రేసు, నేలంతా చిత్తడి. పిల్ల పిట్‌లోకి వస్తూనే కుడికాలు సీటు మీదుగా ఇటు వేసి, పరిగెడుతూనే సైకిల్‌ని నా చేతికి వదిలేస్తుంది. నాలుగడుగుల అవతల వాళ్ళ నాన్న కడిగిన సైకిల్ పట్టుకుని నిలబడి ఉంటాడు. దాన్ని అందుకుని ఎక్కి వెళ్ళిపోతుంది. నా చేతిలో మిగిలింది సగం సైకిల్, సగం బురద. గేర్లలో ఇరుక్కున్న గడ్డి వేళ్ళతో పీకాలి, ప్రెషర్ వాషర్ దగ్గర వరసలో నిలబడి కడగాలి, చెయిన్‌కి నూనె వెయ్యాలి, బ్రేక్ నొక్కి చూడాలి, ఆమె ఎక్కగానే తొక్కగలిగే గేర్‌లో పెట్టాలి. చుట్టులో రెండుసార్లు పిట్ పక్కగా వచ్చేలా దారి వేస్తారు, అందుకని ఇదంతా మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. అప్పటికి వేళ్ళు మొద్దుబారిపోయి ఉంటాయి. టీవీలో ఒక్క అమ్మాయి ఒంటరిగా పోరాడుతున్నట్టు కనిపిస్తుంది గానీ, వెనక ఇలా ఇద్దరు ముగ్గురు బురదలో నిలబడి ఉంటారు. చిన్నప్పుడు ఆ ఇద్దరు ముగ్గురూ అమ్మానాన్నలే. ముందు మీరు దీనికి సిద్ధపడాలి.

ఇప్పుడు పోస్టర్‌లోని మనిషి దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆమె కెరీర్‌లోనే ఉన్నాయి.

వోస్ 1987లో పుట్టింది. బాబిలోనియెన్‌బ్రూక్ అనే చిన్న ఊళ్ళో పెరిగింది. అది మీరుండే నార్త్ బ్రబాంట్‌లోనే. అన్న వెనకాల సైకిలెక్కిన పిల్ల. 2004లో జూనియర్లలో రోడ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2006 జనవరిలో జెడ్డామ్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచేనాటికి ఆమెకి 18 ఏళ్ళు. ఓడిపోయింది ఎవరో తెలుసా? జర్మనీకి చెందిన హాంకా కుప్ఫర్‌నాగెల్. 2000లో ఆడవాళ్ళకి మొట్టమొదటిసారి క్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టినప్పుడు గెలిచిన మనిషి ఆమె. అదే 2006 సెప్టెంబర్‌లో సాల్జ్‌బర్గ్‌లో వోస్ రోడ్ ప్రపంచ టైటిల్ కూడా గెలిచింది. ఒకే ఏడాదిలో బురదలోనూ రోడ్డు మీదా ప్రపంచ ఛాంపియన్లకిచ్చే ఇంద్రధనుస్సు జెర్సీలే.

ఆ తర్వాత 2009 నుంచి 2014 దాకా వరసగా ఆరు క్రాస్ టైటిళ్ళు. రోడ్డు మీద మాత్రం 2007 నుంచి 2011 దాకా వరసగా ఐదేళ్ళు వెండి పతకమే. ఐదేళ్ళు! ఈ ముక్క మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. నేను నా దగ్గరున్న పిల్లలకి ప్రతి ఏడాదీ చెబుతాను. ప్రపంచంలో అందరికంటే బాగా తొక్కే మనిషి కూడా ఐదేళ్ళపాటు, ఏడాదికోసారి, గీత దగ్గర ఒక్కరి వెనకాల ఆగిపోయింది.

2012లో మే నెలలో ఒక రేసులో కింద పడి కాలర్‌బోన్ విరిగింది. జూలైలో ఇటలీ చుట్టూ రోజుల తరబడి సాగే జిరో రేసు గెలిచింది. అదే జూలై చివర్లో లండన్ ఒలింపిక్స్‌లో, వానలో, ఇంగ్లండ్ అమ్మాయి లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్‌ని స్ప్రింట్‌లో దాటి బంగారు పతకం. సెప్టెంబర్‌లో సొంత దేశంలో, వాల్కెన్‌బర్గ్‌లో, ఆ ఐదు వెండి పతకాల తర్వాత మళ్ళీ రోడ్ ప్రపంచ టైటిల్. 2013లో ఫ్లోరెన్స్‌లో ఇంకొకటి. అంతకుముందు 2008 బీజింగ్‌లో ట్రాక్ మీద పాయింట్స్ రేస్ బంగారం ఎలాగూ ఉంది.

పట్టిక ఇక్కడితో ఆపుతాను. మనలాంటి తల్లిదండ్రులకి వీటన్నిటికంటే పనికొచ్చేది 2015వ సంవత్సరం.

ఆ జనవరిలో తొడ వెనక కండరం ఇబ్బంది పెట్టింది. అయినా టాబోర్‌లో క్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు తొక్కి మూడో స్థానంలో వచ్చింది. గెలిచింది ఫ్రాన్స్‌కి చెందిన పోలీన్ ఫెరాన్-ప్రెవో. తర్వాత వోస్ కోలుకోవాల్సిన సమయంలో కోలుకోలేదు. ఓవర్‌ట్రెయినింగ్, అంటే శరీరం తీసుకోగలిగినదానికంటే ఎక్కువ శ్రమ పెట్టడం. ఆ ఏడాది రోడ్డు సీజన్ మొత్తం పోయింది. ఏళ్ళ తరబడి చలికాలం క్రాస్, ఎండాకాలం రోడ్డు, మధ్యలో మౌంటెన్ బైక్ కూడా చేసిన మనిషి. 27, 28 ఏళ్ళకి శరీరం ఇక చాలంది. 2016లో తిరిగి వచ్చింది గానీ, 2014 తర్వాత మళ్ళీ క్రాస్ ప్రపంచ టైటిల్ గెలవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. 2022లో అమెరికాలోని ఫేయెట్‌విల్‌లో తన దేశానికే చెందిన లూసిండా బ్రాండ్‌ని స్ప్రింట్‌లో దాటి ఎనిమిదో టైటిల్ అందుకుంది.

తిరిగి వచ్చాక ఆమె చేసిన పని గమనించండి. రాను రాను చలికాలంలో తొక్కే రేసుల సంఖ్య బాగా తగ్గించింది. ఏ రేసు తొక్కాలో, ఏది వదిలెయ్యాలో ఎంచుకోవడం నేర్చుకుంది. అందుకే 37 ఏళ్ళకి 2024లో పారిస్ ఒలింపిక్స్ వెండి, అదే ఏడాది గ్రావెల్ (కంకర దారి రేసు) ప్రపంచ టైటిల్, 38 ఏళ్ళకి 2025 టూర్ డి ఫ్రాన్స్ మొదటి స్టేజీ గెలిచి, అందరికంటే ముందున్నవాళ్ళకిచ్చే పసుపు జెర్సీ. 18 ఏళ్ళకి గెలిచిన మనిషి 38 ఏళ్ళకి కూడా గెలుస్తోందంటే, నాకు అందులో ఆ వదిలేసిన రేసులే కనిపిస్తాయి.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా బెల్జియంలో, ఇక్కడ, దాదాపు రోజు విడిచి రోజు క్రాస్ రేసులుంటాయి. మా అమ్మాయికి 16 ఏళ్ళప్పుడు ఆ రెండు వారాల్లో ఐదు రేసులకి పేరిచ్చాం. మూడో రేసు పొద్దున గొంతు నొప్పి అంది. గంటన్నర కారు నడిపి వచ్చాం, ఫీజు కట్టాం, సైకిళ్ళు దించేశాం. "ఇంత దూరం వచ్చాం కదమ్మా, తొక్కి చూడు, బాగోకపోతే దిగిపో" అన్నాను. పిల్ల దిగిపోదు. ఆ వయసు పిల్ల అమ్మ ముందు దిగిపోదు. తొక్కింది, పదకొండో స్థానంలో వచ్చింది, సంతోషించాం. జనవరి అంతా దగ్గు. పొద్దున్నే లేవగానే చూసుకునే గుండె వేగం 52 ఉండేది, 64కి వెళ్ళి అక్కడే కూర్చుంది. మామూలు మనిషి అయ్యేసరికి మే నెల వచ్చింది. ఆ పొద్దున కారు వెనక్కి తిప్పి ఉంటే పోయేది ఒక్క రేసు.

అప్పటినుంచి నా దగ్గరున్న 14–16 ఏళ్ళ పిల్లలకి నేను పాటించే పద్ధతి చెబుతాను. సీజన్ మొదలవకముందే క్యాలెండర్ తీసి ముందు సెలవులు రాస్తాం, తర్వాతే రేసులు. జనవరి చివరితో క్రాస్ ఆపేస్తాం, పెద్దవాళ్ళు ఫిబ్రవరిలో ఏం తొక్కినా సరే. తర్వాత మూడు వారాలు రేసు సైకిల్ ముట్టుకోరు. ఈత, నడక, ఏమీ చెయ్యకపోయినా ఫరవాలేదు. రోడ్ రేసులు ఏప్రిల్ నుంచి జూలై దాకా. ఆగస్టులో ఇంకో మూడు వారాలు సెలవు. చాలామంది మనవాళ్ళు ఆ సెలవుల్లోనే ఇండియా వెళ్ళి వస్తారు, అది దీనికి చక్కగా కుదురుతుంది. అక్కడికి వెళ్ళాక ఇంట్లో తొక్కే ట్రెయినర్ మెషిన్ మీద తొక్కించాలని చూడకండి, అమ్మమ్మ దగ్గర హాయిగా తిననివ్వండి. క్రిస్మస్ రెండు వారాల్లో రెండు రేసులు, మహా అయితే మూడు. నా క్లబ్బులో దీన్ని దాటనివ్వను.

మరి ఇంత ఇబ్బంది ఉన్నప్పుడు రెండూ ఎందుకు? ఒకదానిలో దొరికేది ఇంకొకదానిలో దొరకదు కాబట్టి. క్రాస్‌లో వంపు తిరిగిన ప్రతిసారీ మళ్ళీ సున్నా నుంచి వేగం అందుకోవాలి, గంటలోపు వందసార్లు అలా చేస్తారు. చక్రం జారుతున్నప్పుడు భయపడకుండా దాన్ని జారనివ్వడం ఒంటికి అలవాటవుతుంది. రోడ్డు మీద 130 కిలోమీటర్లు తొక్కాక చివరి కొండ దగ్గర కాళ్ళలో ఇంకా శక్తి మిగలడం అనేది రోడ్డే నేర్పుతుంది. పారీ-రూబే అనే రోడ్ రేసులో రాళ్ళ దారి చూడండి. 2021లో ఆడవాళ్ళకి మొదటిసారి పెట్టినప్పుడు వాన, బురద. వోస్ రెండో స్థానంలో వచ్చింది. 2022లో లూసిండా బ్రాండ్ మూడో స్థానం. 2025లో గెలిచింది ఫెరాన్-ప్రెవో. ముగ్గురూ క్రాస్ ప్రపంచ ఛాంపియన్లే.

ఫెరాన్-ప్రెవో పేరు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2014లో రోడ్డు, 2015లో క్రాస్, మౌంటెన్ బైక్. మూడింటి ప్రపంచ టైటిళ్ళూ ఒకే సమయంలో ఆమె చేతిలో ఉన్నాయి, అప్పటికి 23 ఏళ్ళు. మౌంటెన్ బైక్‌లో పారిస్ ఒలింపిక్స్ బంగారం గెలిచాక రోడ్డుకి తిరిగి వచ్చి 2025లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది. మీ అమ్మాయి కంటే ఇంకా చిన్నపిల్లలు మా దగ్గర ఇప్పుడు ఎక్కువగా చెప్పే పేరు పుక్ పీటర్సె. క్రాస్‌లో చెక్క అడ్డంకుల్ని సైకిల్ దిగకుండా ఎగిరి దాటే అమ్మాయి. 2024లో మౌంటెన్ బైక్ ప్రపంచ టైటిల్, అదే ఏడాది టూర్‌లో లియేజ్ స్టేజీ, 2025లో ఫ్లెష్ వాలోన్ అనే బెల్జియం రోడ్ రేసు. ఒక్కటే పట్టుకుని వేలాడమని ఇక్కడ ఎవరూ చెప్పట్లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. క్రాస్‌లో స్టార్ట్ దగ్గర వరసలు పాయింట్లని బట్టి ఇస్తారు. రోడ్డు మీద ఎక్కువకాలం ఉండి నవంబర్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక వరసల్లో నిలబడాలి. మొదటి వంపులోనే ముందు పిల్లలు పడితే మీ పిల్ల కాళ్ళలో ఎంత బలమున్నా ఆగిపోవాల్సిందే. మొదటి ఏడాది ఫలితాలు పడిపోతే కంగారు పడకండి, ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇప్పుడు తండ్రిగా మీకు కొంచెం మొహమాటం కలిగించే విషయం. నెలసరి గురించి ఇంట్లో మాట్లాడండి, లేదా వాళ్ళమ్మ చేత మాట్లాడించండి. మా క్లబ్బులో ఒక అమ్మాయి 17 ఏళ్ళప్పుడు బాగా సన్నబడింది. కొండలు బాగా ఎక్కుతోందని అందరం మెచ్చుకున్నాం. ఏడు నెలలుగా నెలసరి రావట్లేదని ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. చివరికి ఎముకలో సన్నని పగులు వచ్చాక డాక్టర్ అడిగితే బయటపడింది. చేసే శ్రమకి చాలినంత తిండి లేకపోతే ఒళ్ళు ముందు ఆపేసేది అదే. దీన్ని రెడ్-ఎస్ అంటారు. మూడు నెలలు రాకపోతే ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. బరువు గురించి ఏ కోచ్ అయినా మీ అమ్మాయితో ఒక్క మాట అన్నాడని తెలిస్తే ఆ రోజే వెళ్ళి అతనితో మాట్లాడండి. పై స్థాయిలో కూడా ఇది చిన్న విషయం కాదు. ఫెరాన్-ప్రెవోకే టూర్ ముందు బరువు తగ్గించుకున్న తీరు గురించి ప్రశ్నలు ఎదురయ్యాయి, ఎప్పుడూ అలా ఉండటం మంచిది కాదని ఆమే ఒప్పుకుంది. అది 33 ఏళ్ళ మనిషి, వెనక డాక్టర్లతో చేసిన పని. 14 ఏళ్ళ పిల్లకి పోలికే లేదు.

తిండి విషయంలో మనకి దిగులు అక్కర్లేదు. రేసుకి మూడు గంటల ముందు ఇడ్లీ గానీ ఉప్మా గానీ, రేసయ్యాక పెరుగన్నం, రాత్రికి పప్పన్నం, గుడ్డు. మా అమ్మాయి ఇదే తిని తొక్కింది. ప్రో టీముల వంటవాళ్ళు కూడా అన్నం మెత్తగా వండి, ముక్కలు కోసి, ఫాయిల్‌లో చుట్టి జేబుల్లో పెట్టి పంపిస్తారు. ఇక్కడి పిల్లలు పాస్తా తింటున్నారని మీరు మార్చక్కర్లేదు. శాకాహారులైతే ఐరన్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు చేయించండి, అంతే.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు కాదు, ఇరవైలలో అవసరం రావచ్చు. గట్టిగా తొక్కినప్పుడు ఒక్క కాలే మొద్దుబారినట్టు, బలం పోయినట్టు ఉందని చెబితే తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్ళ తరబడి వంగి తొక్కడం వల్ల కాలికి రక్తం తీసుకెళ్ళే ఇలియాక్ ధమని ఇరుకైపోవచ్చు. సైక్లింగ్‌లో ఇది తెలిసిన జబ్బే. ఫెరాన్-ప్రెవోకి 2019లో, వోస్‌కి 2023లో దీనికి ఆపరేషన్ అయ్యింది, ఇద్దరూ తిరిగి వచ్చి గెలిచారు.

డబ్బు సంగతి. చలికాలం క్రాస్‌లో బెల్జియం నిర్వాహకులు పేరున్నవాళ్ళకి స్టార్ట్ మనీ, అంటే రేసుకి వచ్చినందుకే డబ్బు, ఇస్తారు. అది నిజంగా మంచి డబ్బే, కానీ పదిమందికి. మిగతావాళ్ళకి వ్యాన్ డీజిల్ ఖర్చులు వస్తే గొప్ప. జీతం వచ్చేది టీములో, టీముల్లో ఎక్కువ రోడ్డువే. అన్నిటికంటే పై స్థాయి అయిన ఆడవాళ్ళ వరల్డ్ టూర్ టీములకి కనీస జీతం అనేది పెట్టిందే 2020లో. అప్పుడు ఏడాదికి 15,000 యూరోలు. 2023కి అది 32,000 యూరోలు దాటింది. గర్భిణిగా ఉంటే జీతంతో సెలవు కూడా 2020లోనే వచ్చింది. ఆ కింద కాంటినెంటల్ స్థాయిలో అలాంటి హామీ లేదు. సైకిల్, బట్టలు, హోటల్ ఇచ్చి జీతం దగ్గరికి వచ్చేసరికి మౌనంగా ఉండే టీములు నేను చూశాను. నా దగ్గర శిక్షణ పొందిన ఒకమ్మాయి 20 ఏళ్ళకి అలాంటి టీములో సంతకం పెట్టేసి, విమాన టికెట్లు తన డబ్బుతోనే కొనుక్కుంది. కాబట్టి కాంట్రాక్ట్ మీ ముందుకొచ్చిన రోజున సంతోషంలో సంతకం పెట్టొద్దు. ఆడ రైడర్ల సంఘం 'సైక్లిస్ట్స్ అలయన్స్' 2017 నుంచి ఉంది, సభ్యులకి కాంట్రాక్టులు చూసిపెడతారు. చూపించండి.

ఈ మెరుగైన రోజులు వాటంతట అవే రాలేదు. 2013లో వోస్, ఎమ్మా పూలీ, క్యాథ్రిన్ బెర్టీన్, క్రిస్సీ వెల్లింగ్టన్ అనే నలుగురు క్రీడాకారిణులు కలిసి ఆడవాళ్ళకీ టూర్ డి ఫ్రాన్స్ కావాలని అర్జీ పెట్టారు. 2014లో 'లా కూర్స్' పేరుతో పారిస్‌లో ఒక్కరోజు రేసు ఇచ్చారు, దాన్ని వోసే గెలిచింది. ఇప్పుడున్న పూర్తి టూర్ 2022లో మొదలైంది, అందులో రెండు స్టేజీలు గెలిచి పసుపు జెర్సీ వేసుకుంది కూడా వోసే. అడిగిన తొమ్మిదేళ్ళకి, 35 ఏళ్ళ వయసులో. ఆ రోజు టీవీ ముందు నేనూ మా అమ్మాయీ ఇద్దరం ఏడ్చాం.

చదువు ఆపనివ్వకండి. ఇక్కడ టాప్‌స్పోర్ట్ టాలెంట్ స్కూళ్ళున్నాయి, గుర్తింపు పొందిన పిల్లలకి టైమ్‌టేబుల్ సర్దుతారు, పరీక్షలు వాయిదా వేసుకోనిస్తారు. ఆ గుర్తింపు రాకముందు కూడా మామూలు స్కూల్లో మెంటర్‌తో మాట్లాడితే చాలా వరకు కుదురుస్తారు. మా అమ్మాయి 19 ఏళ్ళకి ఆపేసి ఫిజియోథెరపీ చదువుతానంది. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్లో "ఇన్నేళ్ళు తొక్కించి ఇప్పుడు ఆపేస్తుందా?" అని అడిగింది. అంతకు పదేళ్ళ ముందు "ఆడపిల్లకి మోకాళ్ళ మీద ఆ మచ్చలేమిటే" అని అడిగిన అమ్మే. పిల్ల ఇప్పుడు సంతోషంగా ఉంది, ఆదివారం మాతోపాటు పిట్‌కి వచ్చి సైకిళ్ళు కడుగుతుంది.

ఇంకా తొందరపడాల్సిన పని లేదనడానికి ఒక పేరు: ఆన్నమీక్ వాన్ వ్లూటెన్. ఇరవైల మధ్యలో రేసులు మొదలుపెట్టింది. 2022లో ఆ టూర్ మొదటిసారి జరిగినప్పుడు గెలిచింది ఆమే, అదే ఏడాది 39 ఏళ్ళకి రోడ్ ప్రపంచ టైటిల్ కూడా. 14 ఏళ్ళకి మీ అమ్మాయి ఎనిమిదో స్థానంలో వస్తోందా, మూడో స్థానంలో వస్తోందా అన్నది నేనైతే రాసి కూడా పెట్టుకోను. త్వరగా ఎదిగిన పిల్లలు ఈ వయసులో గెలుస్తారు, తర్వాత మిగతావాళ్ళు అందుకుంటారు.

మనలాంటివాళ్ళకి మాత్రమే ఉండే ఒక మెలిక: పాస్‌పోర్ట్. క్లబ్ రేసులు, లైసెన్స్ వేటికీ అడ్డు లేదు. కానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో దేశం తరఫున తొక్కాలంటే ఆ దేశ పౌరసత్వం కావాలి. మీ అమ్మాయిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే నెదర్లాండ్స్ జట్టులో తీసుకోలేరు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. మార్చుకోవాలా వద్దా అన్నది కుటుంబం మొత్తం తేల్చుకోవాల్సిన విషయం, సైకిల్ కోసం ఒక్కటే చేసేది కాదు. కానీ 17 ఏళ్ళకి జట్టులో పిలుపు వచ్చాక తెలిసి పిల్ల గుండె పగలకూడదు. ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పండి.

చివరగా, రెండో సైకిల్. ఇప్పుడే కొత్తది కొనకండి. ఆ వయసులో ఏడాదికి సైజు మారిపోతుంది. మీ క్లబ్బులో తన కంటే రెండేళ్ళు పెద్ద పిల్లల తల్లిదండ్రుల్ని అడగండి, సెప్టెంబర్లో సగం ధరకి దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో ఇంకో జత చక్రాలు తీసుకోండి, ఒకదానికి పొడి నేల టైర్లు, ఇంకోదానికి బురద టైర్లు వేసి ఉంచండి. గాలి కొలిచే మంచి గేజ్ ఒకటి కొనండి. మీ అమ్మాయి బరువుకి 1.2 బార్ దగ్గర మొదలుపెట్టి, కోర్సు మీద ఒక చుట్టు తొక్కించి, వంపులో చక్రం రిమ్ నేలకి తగిలినట్టుందా, జారినట్టుందా అని తననే అడగండి. ఏ రేసుకి ఎంత పెట్టారో ఒక పుస్తకంలో రాసుకోండి. సైజులు, ధరల విషయంలో అనుమానముంటే కింద రాయండి, ఆదివారం రాత్రి పిట్ నుంచి ఇంటికొచ్చాక చూసి చెబుతాను.